పదో పేరు

(సూరత్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకు గడిపి, ఏ హాజరు పుస్తకంలోనూ పేరు లేకుండా వెళ్లిపోయిన తెలుగు కార్మికుల స్మృతిలో డుమస్‌లో చేసిన స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసానికి ఒక పెద్దాయన పేరు ఉండటం ఆనవాయితీ. వక్త ముందుగా ఆ పేరు తలచుకుని, ఆయన ఊరూ ఆయన చేసిన మేలూ చెప్పి విషయంలోకి వస్తాడు. ఈ ఉపన్యాసం నిధికి డబ్బు పోగుచేసిన కుటుంబాలు మాత్రం ఒక్క పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. "మా నాయన పేరు పెడితే పక్కింటి నాయన పేరు మళ్లీ బయటే ఉండిపోతది" అన్నారు. ఆ మాటే ఈ రోజు నా ఉపన్యాసానికి విషయం ఇచ్చింది. వ్యాపారాలు మనిషిని పనిలో పెట్టుకుని, అతని పేరు ఎందుకు రాయవు?

సభ డుమస్‌లో పెట్టడానికి కూడా కారణముంది. మా చిన్నప్పుడు సాంచాలకు సెలవు దొరికిన రోజు నాయన మమ్మల్ని ఇక్కడికే తీసుకొచ్చేవాడు. నల్ల ఇసుక, దరియా గణేశ్ గుడి, కాగితం పొట్లంలో వేడివేడి టమాటా భజియాలు. ఒడ్డున పక్కనే కూర్చుని కూడా నాయన గొంతెత్తి అరిచినట్టే మాట్లాడేవాడు. సముద్రం హోరుకు అలా అరుస్తున్నాడనుకునేవాణ్ని. ఆయన చెవులు ఎప్పుడో పోయాయని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. మోత వల్ల వచ్చే చెవుడు అప్పటి ఈఎస్ఐ చట్టంలోని వృత్తి రోగాల పట్టికలో ఉండేది. దానికి పరిహారం ఉంది. నాయనకు ఈఎస్ఐ కార్డు లేదు. సూరత్‌లో ఆయన ఒక్క రోజు పనిచేసినట్టు కూడా ఎక్కడా కాగితం లేదు.

రెండు పుస్తకాలు

సాంచాల షెడ్డును ఈ ఊళ్లో 'ఖాతా' అంటారు. 1993లో నేను ఒక ఖాతాలో లెక్కలు రాసే పనికి కుదిరాను. మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో చదువుకున్నవాణ్ని. గుజరాతీ అంకెలు వచ్చు, చేతిరాత బాగుంటుంది. అవే నా అర్హతలు.

మెట్ల కింద ఒక బల్ల, బల్ల సొరుగులో రెండు పుస్తకాలు. ఒకటి పలుచనిది, గళ్లు అచ్చువేసిన రిజిస్టరు. అందులో తొమ్మిది పేర్లు. రెండోది ఎర్రగుడ్డ అట్టతో, నిలువుగా పొడుగ్గా, నడుమ దారం కట్టి ఉన్న చోప్డా. అందులో ముప్పై ఒక్క పేర్లు. ఒక్కో పేరు కింద ఎన్ని టాకాలు (బట్ట తానులు) దిగాయి, ఎన్ని మీటర్లు, పగారుకు ముందు ఎంత ఖర్చీ పట్టాడు, ఇంకా ఎంత బాకీ అన్నీ ఉండేవి. మొదటి నెలలోనే నేను తెలియక పలుచని పుస్తకంలో పదో పేరు రాయబోయాను. శేఠ్ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. కోపగించుకోలేదు. "బేటా, ఇందులో తొమ్మిదే" అన్నాడు, పిల్లవాడికి లెక్క నేర్పినట్టు.

దీపావళికి చోప్డా పూజ జరిగింది. కొత్త పుస్తకాల మీద కుంకుమతో శుభ్, లాభ్ అని రాశారు. తమలపాకులు పెట్టారు, హారతి ఇచ్చారు. ఆ రోజు పూజకు పెట్టింది రెండు పుస్తకాల్లో దేన్నో నేను గమనించాను. ఎర్ర అట్టదాన్నే. సంపదంతా ఎందులో ఉందో శేఠ్‌కు తెలుసు. ఆ సంపదను నేసిన ఇరవై రెండుమంది మాత్రం ప్రభుత్వం కంటికి పుట్టనే లేదు.

తొమ్మిదికీ పదికీ నడుమ

ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చింది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో యంత్రాలు నడిచే చోట పదిమంది ఉంటే వర్తించేది. ఈఎస్ఐ కూడా పదిమందితోనే మొదలు. ప్రావిడెంట్ ఫండుకు ఇరవైమంది. అంటే పదో పేరు రాసిన క్షణాన ఆ షెడ్డు ఫ్యాక్టరీ అయ్యేది. దానికి గాలీ వెలుతురూ ఎంతుండాలో, పనిగంటలు ఎన్నో, తాగునీరు ఎక్కడుండాలో అడిగే హక్కు ఒకరికి వచ్చేది.

అందుకే సూరత్‌లో ఒకే కప్పు కింద నాలుగు బోర్డులు కనబడతాయి. పన్నెండు సాంచాలు తండ్రి పేరున, పన్నెండు తల్లి పేరున, మిగతావి కొడుకూ కోడలి పేర్ల మీద. గోడ లేదు, గీత లేదు. కాగితం మీద మాత్రం నాలుగు కంపెనీలు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఈనాటి రేట్ల ప్రకారం నెలకు 15,000 రూపాయల జీతగాడి పేరు రాస్తే, యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, బీమా, నిర్వహణ రుసుము కలిపి 13 శాతం. అది 1,950 రూపాయలు. ఈఎస్ఐ 3.25 శాతం, 487 రూపాయల పైచిలుకు. నేను రాయని ఇరవై రెండుమందికి లెక్కేస్తే నెలకు 53 వేలు దాటుతుంది. దీనిమీద కనీస బోనసు 8.33 శాతం, ఏడాదికి పదిహేను రోజుల గ్రాట్యుటీ. చిన్న ఖాతాకు ఇది చిన్న మొత్తం కాదని నేను ఒప్పుకుంటాను.

అయితే రెండేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాక నాకు తెలిసినదేమిటంటే, యజమానిని పీఎఫ్ కన్నా ఎక్కువగా భయపెట్టేది గడియారం. సాంచాల మీద పాళీ పన్నెండు గంటలు. అప్పటి చట్టం రోజుకు తొమ్మిది గంటలు దాటితే రెట్టింపు కూలీ ఇవ్వాలని చెప్పేది. తొమ్మిది గంటలకు తొమ్మిది, మిగతా మూడు గంటలకు ఆరు, వెరసి పన్నెండు గంటల పనికి పదిహేను గంటల కూలీ. పేరు రాస్తే ఆ పేరు పక్కన వచ్చిన గంటా వెళ్లిన గంటా రాయాలి. ఆ రెండు అంకెలే సాక్ష్యం అవుతాయి. ఈ లెక్క ఎంత బరువైనదో 2020 ఏప్రిల్‌లో బయటపడింది. కరోనా పేరు చెప్పి గుజరాత్ ప్రభుత్వం పన్నెండు గంటల పనికి అనుమతిస్తూ, అదనపు గంటలకు మామూలు కూలీయే చాలంటూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తీర్పు గొప్పది. కానీ ఆ తీర్పు పట్టుకుని బకాయి అడగాలంటే, ఆ రోజుల్లో ఆ షెడ్డులో తాను ఉన్నట్టు కార్మికుడు చూపించుకోవాలి.

పట్టుబడతామన్న భయం ఉండదా అని అడుగుతారు. 1972లో ఆలింగ్‌హామ్, సాండ్మో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పన్ను ఎగవేతను ఒక పందెంలా విడమరచి చూపారు. దొరికే అవకాశం ఎంత, దొరికితే పోయేదెంత, దొరక్కపోతే మిగిలేదెంత. మనిషి ఈ మూడూ బేరీజు వేసుకుంటాడన్నారు. నా రెండేళ్లలో తనిఖీకి ఒక్కసారి ఒకాయన వచ్చారు. పలుచని రిజిస్టరు తెరిచి తొమ్మిది లెక్కపెట్టారు. ఆయన వెనక నలభై ఎనిమిది సాంచాలు మోగుతున్నాయి. తొమ్మిదిమందితో రాత్రింబవళ్లు అన్ని సాంచాలు నడవవని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

లెక్కలో లేని బట్ట

ఇంతవరకూ చెప్పినది అందరూ చెప్పే కారణమే. ఖర్చు తగ్గుతుంది కాబట్టి పేరు రాయరు. దాని కింద ఇంకో కారణం ఉంది. మనిషి ఒక్కడే దాగి ఉండడు. ముందు సరుకు దాగుతుంది, సరుకు వెంట మనిషి దాగుతాడు.

రింగ్ రోడ్డు మార్కెట్లో బేరం రెండు రకాలు: పక్కా బిల్లు, కచ్చా చిట్టీ. కచ్చాలో అమ్మిన బట్టకు లెక్క లేదు. ఆ బట్ట నేసినవాడు లెక్కలో ఉంటే ఏమవుతుంది? ముప్పై ఒక్కమంది నెలంతా నేస్తే ఇన్ని వేల మీటర్లు దిగాలి, బిల్లుల్లో మూడో వంతే ఉందేమిటి అని ఎవరైనా అడగవచ్చు. రాసిన ప్రతి పేరూ రాయని బట్టకు సాక్షి. అందుకే సాక్షిని పుస్తకంలోకి రానివ్వరు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు సూరత్ బట్టల మార్కెట్ వారాల తరబడి మూతపడింది. చిన్నవాళ్లం ఈ కాగితాల పని మోయలేం అన్నారు వ్యాపారులు. అందులో నిజం ఉంది. గొలుసులో ఒక కొస వెలుగులోకి వస్తే మిగతా కొసలన్నీ లాగబడతాయన్న జంకు కూడా ఉంది.

గొలుసు అన్నాను. నేను పనిచేసిన శేఠ్‌ను దుర్మార్గుడిగా చూపించి దిగిపోవడం నాకు ఇష్టం లేదు. ఆయనా ఒకప్పుడు సాంచా నడిపినవాడే. నూలు ధర ఆయన చేతిలో లేదు. బట్ట కొన్న వ్యాపారి డబ్బు నెలల తర్వాత ఇస్తాడు. పెళ్లిళ్లకూ దీపావళికీ రాత్రింబవళ్లు నేయమంటాడు, సీజను పోతే ఒక్క టాకా కూడా అడగడు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి ఊరు ఖాళీ అయినప్పుడు ఖాతాకు తాళం పడింది. తెరిచాక ముప్పై ఒక్కమందిలో పద్నాలుగుమందే తిరిగొచ్చారు. మిగతావాళ్లకు నోటీసు ఇవ్వలేదు, పరిహారం ఇవ్వలేదు, వాళ్ల పేర్ల మీద నేనే గీత కొట్టాను. రాయని మనిషిని తీసేయడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. పెద్ద వ్యాపారి తన నష్టభయాన్ని ఖాతా మీదికి దించుతాడు, ఖాతా యజమాని కూలీలను తెచ్చే ముకద్దం మీదికి, ముకద్దం కార్మికుడి మీదికి. మన సిరిసిల్లలో సేట్లు, ఆసాములు, కార్మికులు అన్న మూడంతస్తులు ఎలా ఉన్నాయో ఇక్కడా అంతే. అట్టడుగున ఉన్నవాడికి దించుకోవడానికి ఇంకెవరూ లేరు.

పక్క ఖాతావాడు పేర్లు రాయకుండా మీటరుకు కొన్ని పైసలు తక్కువకు ఇస్తుంటే, రాసినవాడు మార్కెట్లో నిలవలేడు. నీతిగా ఉండాలనుకున్నవాణ్ని కూడా బజారు ఇలా తొమ్మిదికి కుదిస్తుంది. ఇది సూరత్ జబ్బు మాత్రమే అనుకోకండి. ఇటలీలోని ప్రాతో కూడా మనలాంటి బట్టల ఊరే. 2013 డిసెంబరు 1న అక్కడ ఒక కుట్టు కార్ఖానా తగలబడి, అందులోనే పడుకుంటున్న ఏడుగురు చైనా కార్మికులు చనిపోయారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం ప్రపంచంలో పనిచేసేవారిలో 61 శాతం, 200 కోట్ల మంది, ఇలా రక్షణ లేని పనుల్లోనే ఉన్నారు. మన దేశంలో అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2004-05 నాటికి వేసిన లెక్క 92 శాతం.

మనవాళ్లు ఎందుకు ఒప్పుకున్నారు

కార్మికులే పేరు వద్దంటారని యజమానులు చెబుతారు. ఇదీ పూర్తి అబద్ధం కాదు. 15,000లో పీఎఫ్, ఈఎస్ఐ కలిపి కార్మికుడి వాటాగా 1,900 రూపాయలకు పైగా పోతుంది. ఇంటికి పంపే డబ్బులో అది బియ్యం ఖర్చు. ఆరు నెలలకో ఖాతా మారేవాడికి, పండక్కి ఊరెళ్లి తిరిగొచ్చాక అదే సాంచా దొరుకుతుందో లేదో తెలియనివాడికి పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలంటే నమ్మకం ఎలా కుదురుతుంది? చేతికొచ్చిందే మాది అనుకుంటాడు.

అతని పేరు ఒక చోట మాత్రం తప్పక ఉంటుంది. ఖర్చీ పద్దులో. ఈ నేల మీద అది పాత అలవాటు. దక్షిణ గుజరాత్ పల్లెల్లో పెళ్లికి అప్పు ఇచ్చి, ఆ అప్పుకు మనిషిని ఏళ్ల తరబడి కట్టేసుకునే హాలీ పద్ధతి ఉండేది. డచ్ పండితుడు యాన్ బ్రేమన్ 1960ల మొదట్లో ఇక్కడి పల్లెల్లో తిరిగి దాన్ని రాశాడు, ఆ తర్వాత దశాబ్దాల పాటు సూరత్ కార్మికుల గురించీ రాశాడు. హాలీకి అప్పు పుస్తకంలో పేరుంది, హక్కు పుస్తకంలో లేదు. ఎర్ర చోప్డాలో నేను రాసిన పేర్లదీ అదే కథ.

బాకీ తీర్చేది ఎవరు

మా ఖాతాలో ఒక అన్న ఉండేవాడు, మా జిల్లావాడే. ఒక రాత్రి సాంచాలోంచి నాడె ఎగిరి కంటికి తగిలింది. ఒక ప్రైవేటు దవాఖానాకు తీసుకుపోయారు. చీటీ మీద 'మెట్ల మీంచి పడ్డాడు' అని రాయించారు. నేను పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ మౌనం నా బతుకులో నేను మోస్తున్న బరువు. వారం తర్వాత ఖర్చీ బాకీ మాఫీ చేసి, చేతిలో కొంత పెట్టి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించారు. వరంగల్ దాకా టిక్కెట్టు నేనే తెచ్చాను. తిరిగొచ్చి అతని వరస మీద గీత కొట్టాను.

ఆ కంటికి మందు ఎవరు కొన్నారు? అతని భార్య బీడీలు చుట్టి కొన్నది. అతను పనిచేయలేని ఏళ్లు ఎవరు సాకారు? తల్లి, బావమరిది, ఊళ్లో ఎకరం పొలం. సూరత్ షెడ్డు ఈఎస్ఐ కట్టలేదు కాబట్టి ఊరు కట్టింది. షెడ్డు పీఎఫ్ కట్టలేదు కాబట్టి ముసలితనంలో ఊరు కట్టింది. పేరు రాయకపోవడం వల్ల మిగిలింది అంటారు చూశారా, ఆ మిగులు ఎక్కడినుంచో ఊడిపడలేదు. సిరిసిల్ల, జగిత్యాల, జనగామ పల్లెలు, ఒడిశాలోని గంజాం పల్లెలు సూరత్ బట్టకు ఇస్తున్న రాయితీ అది. మీటరు బట్ట చవగ్గా దొరకడానికి మా అవ్వల వెండి కడియాలు కరిగాయి. నేను ఈ రోజు చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

2020లో ఈ సంగతి దేశమంతా చూసింది. మార్చి 29న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్ కాలానికి కూలీ కోయకుండా ఇవ్వాలని ఆదేశించింది. ఎవరికి ఇవ్వాలి? పుస్తకంలో ఉన్నవారికి. ఏప్రిల్ 10 రాత్రి సూరత్‌లోని లస్కాణాలో కార్మికులు పగారు ఇవ్వండి, ఇళ్లకు పంపండి అంటూ రోడ్డెక్కారు. ఇదే గుజరాత్ తీరాన వేరావల్‌లో మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమంది పడవల్లోనే వారాల పాటు చిక్కుకుని, చివరికి బస్సుల్లో ఇళ్లు చేరారు. సెప్టెంబరు 14న పార్లమెంటులో, దారిలో చనిపోయిన వలస కార్మికుల లెక్క తమ దగ్గర లేదని ప్రభుత్వం చెప్పింది. బతికినప్పుడు రాయనివాణ్ని చచ్చినప్పుడు ఎలా లెక్కపెడతారు?

రాయవచ్చు

సాంచా పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మనుషులు నిలకడగా ఉండరు, ఇక్కడ పేర్లు రాయడం కుదరదు అంటారు. దీనికి జవాబు మన ఇళ్లలోనే ఉంది. బీడీలు ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని చుడతారు. షెడ్డు లేదు, గడియారం లేదు, యజమాని కంటికి కనబడడు. అయినా 1966లో బీడీ కార్మికులకు చట్టం వచ్చింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లూ పీఎఫ్ చట్టం కింద ఉద్యోగులేనని 1980ల్లో సుప్రీంకోర్టు తేల్చింది. వాటి ఫలితంగా తెలంగాణలో ఎన్నో ఇళ్లలో అరుగు మీద బీడీ చుట్టే ఆడమనిషికి పీఎఫ్ నంబరు ఉంది, సూరత్‌లో ఇనుప యంత్రం నడిపే ఆమె మొగుడికి లేదు.

యజమాని మారుతూ ఉంటే ఎలా అన్నదానికీ దారి ఉంది. మహారాష్ట్రలో 1969 నాటి మాథాడీ చట్టం కింద మూటలు మోసే హమాలీ ఒక యజమాని దగ్గర కాకుండా ఒక బోర్డు దగ్గర నమోదవుతాడు. పని చేయించుకున్నవాడు కూలీతో పాటు సంక్షేమ రుసుమూ బోర్డుకు కడతాడు. మూట ఎవరిదైనా మనిషి పేరు ఒకే చోట ఉంటుంది. బెల్జియంలో ఇంటిపనివాళ్ల కోసం 2004 నుంచి ప్రభుత్వం కొంత భారం మోస్తూ చీటీలు అమ్ముతోంది. ఆ చీటీతో కూలీ ఇస్తే పని దానంతట అదే లెక్కలోకి వస్తుంది. రాయడం దండుగ అనిపించకుండా చేయడం కూడా ప్రభుత్వం పనే.

మన దగ్గర 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ వచ్చింది. 30 కోట్లకు పైగా పేర్లు ఎక్కాయి. మంచిదే. అయితే అందులో కార్మికుడి పేరు ఉంది, అతనితో పని చేయించుకున్నవాడి పేరు లేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న మాట వాటిలో ఉంది. ఆ ఒక్క కాగితం కోసం నాయన తరం బతుకంతా ఎదురుచూసింది. అదే కోడ్‌లు కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ హద్దును పది నుంచి ఇరవైకి జరిపాయి. పదో పేరు దగ్గర ఆగిన చెయ్యి ఇక ఇరవయ్యో పేరు దగ్గర ఆగుతుంది. హద్దు ఎక్కడ గీస్తే అక్కడే పుస్తకం మూసుకుంటుందని ఆ బల్ల దగ్గర నేర్చుకున్నవాణ్ని. మనుషుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, మొదటి మనిషి నుంచే పేరు రాసే చట్టం కావాలి. బట్ట చివరికి ఎవరి లేబుల్‌తో అమ్ముడవుతుందో వారు కూడా ఆ పేర్లకు జవాబుదారీ కావాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఈ సభలో నా ఈడువాళ్ల పిల్లలు ఉన్నారు. నాయనలు సాంచా నడిపారు, మీరు ఖాతాలు నడుపుతున్నారు, లేబర్ కాంట్రాక్టులు తీసుకుంటున్నారు. మీ దగ్గర ఇప్పుడు ఒడిశా పిల్లలు, ఉత్తరప్రదేశ్ పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్లూ ఎక్కడో ఒక తల్లి కడియం మీదే బతుకుతున్నారు. బజారు మిమ్మల్ని ఎలా నలుపుతుందో నాకు తెలుసు. పదిమంది ఖాతాదారులు కలిసి ఒకే రోజున పేర్లు రాస్తే ఆ నలుగుడు కొంత పంచుకోవచ్చని కూడా తెలుసు.

ముప్పై ఏళ్ల కింద శేఠ్ నా మణికట్టు పట్టుకున్నప్పుడు నేను రాయబోయిన పదో పేరు ఎవరిదో ఇప్పటిదాకా చెప్పలేదు. తర్వాత కన్ను పోగొట్టుకున్న ఆ అన్నదే. అప్పటికే మొదటి రెండు అక్షరాలు పడ్డాయి. శేఠ్ వాటి మీద అడ్డంగా గీత కొట్టించాడు. ఈ దీపావళికి మీ ఇంట చోప్డా పూజ జరుగుతుంది. కుంకుమ పెట్టే ముందు పుస్తకం ఒక్కసారి తెరవండి. తొమ్మిదో వరస కింద ఖాళీ గడి ఉంటుంది. మీ దగ్గర పనిచేసే పిల్లవాణ్ని పిలిచి, అతని పూర్తి పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ అడిగి, అతను చూస్తుండగా అందులో రాయండి.